ఆ సంపులోకి దిగేదెవరు?

కొద్ది నెలల క్రితం ఒక పట్టణానికి ప్రతిపాదించిన చెత్త నిర్వహణ పథకంపై సాంకేతిక చర్చకు నన్ను పిలిచారు. తెరమీద ఒక నమూనా చిత్రం వేశారు. దాని పేరు బయోరియాక్టర్ ల్యాండ్‌ఫిల్. చెత్తను పొరలు పొరలుగా నింపి, అడుగున చేరే నల్లని ఊటను పంపులతో తోడి, మళ్లీ అదే చెత్తలోకి పంపే ఏర్పాటు అది. గొట్టాల వ్యాసాలు, పంపుల సామర్థ్యం, వాయువును వెలికితీసే బావుల మధ్య దూరం, అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. చిత్రంలో గుట్ట అడుగున, ఒక మూల, నిలువుగా ఒక లోతైన సంపు గీసి ఉంది. పంపు పాడైనా, గొట్టం పూడుకుపోయినా అక్కడికే వెళ్లి సరిచేయాలి. ‘అందులోకి దిగేదెవరు?’ అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన, ‘అది నిర్వహణ విషయమండీ, కాంట్రాక్టరు చూసుకుంటాడు’ అన్నారు. చర్చ తర్వాతి అంశానికి వెళ్లిపోయింది.

మా నాయన ఒక మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. నేను పర్యావరణ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతున్నాను. కాంట్రాక్టరు ఎవరిని చూసుకుంటాడో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చర్చలో ఎవరూ కులం పేరెత్తలేదు. ఎత్తవలసిన అవసరం కూడా వారికి కలగలేదు. ఆ నిలువు సంపును గీసిన గీతలోనే ఎవరు దిగాలో నిర్ణయమైపోయింది. సాంకేతిక నమూనాలో కులం ఎక్కడ దాగి ఉంటుందో, దాన్ని ఆ నమూనాలోంచే ఎలా తొలగించవచ్చో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఆ పరిజ్ఞానం సంగతి చూద్దాం. వాన నీరు, చెత్తలోని తడి కలిసి గుట్ట అడుగుకు దిగుతూ దారిలో ఉన్న సేంద్రియ ఆమ్లాలను, అమ్మోనియాను, లవణాలను, భార లోహాలను కరిగించుకుంటాయి. ఆ ఊటనే లీచేట్ అంటారు. అమెరికాలో గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో స్థిరపడిన పద్ధతిని ఇంజినీర్లు ‘పొడి సమాధి’ అని పిలుస్తారు. అడుగున ప్లాస్టిక్ పొర, పైన మూత, లోపలికి నీరు పోకుండా కట్టడి. నీరు లేకపోతే ఊట తగ్గుతుంది. కుళ్లడం కూడా దాదాపు ఆగిపోతుంది. దశాబ్దాల తర్వాత మూత పగిలి నీరు చేరిన రోజున ఆగిన విషం మళ్లీ కదులుతుంది. అంటే సమస్య తీరదు, తరువాతి తరానికి వాయిదా పడుతుంది.

దీనికి ప్రత్యామ్నాయాన్ని 1970లలో జార్జియా టెక్‌లో ఫ్రెడరిక్ పోలండ్ ప్రయోగాలతో చూపించాడు. ఊటను తోడి మళ్లీ చెత్తమీదికి పంపితే తేమ, పోషకాలు, సూక్ష్మజీవులు గుట్ట అంతటా పరచుకుంటాయి. చెత్త వేగంగా కుళ్లుతుంది. మీథేన్ త్వరగా, ఎక్కువగా వెలువడుతుంది కనుక దాన్ని పట్టి వాడుకోవడం సులువవుతుంది. గుట్ట కుంగి, అదే స్థలంలో మరింత చెత్తకు చోటు దొరుకుతుంది. ఈ లాభం 15 నుంచి 30 శాతం దాకా ఉండవచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. దశాబ్దాలు పట్టే స్థిరీకరణ కొన్నేళ్లలో ముగియడం అన్నిటికంటే ముఖ్యమైన ప్రయోజనం.

నా దృష్టిలో ఇది కేవలం సాంకేతిక ప్రయోజనం కాదు. చెత్తగుట్ట పక్కన బతికే బస్తీకి విషం 50 ఏళ్లు ఉంటుందా, 10 ఏళ్లు ఉంటుందా అన్నది సామాజిక న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఒక తరం పిల్లలు ఆ గాలి పీల్చి, ఆ నీళ్లు తాగి పెరుగుతారా లేదా అన్నది దానిమీద ఆధారపడి ఉంటుంది. కనుక నేను ఈ పరిజ్ఞానానికి వ్యతిరేకిని కాను. దాన్ని ఎవరి దేహాల మీద నిలబెడుతున్నారన్నదే నా అభ్యంతరం.

చెత్త ఎక్కడికి పోతుందో చూస్తే ఊరి నిర్మాణం అర్థమవుతుంది. పల్లెలో వెలివాడ ఏ దిక్కున ఉండాలో, చచ్చిన పశువు ఎటు పోవాలో మన సమాజం శతాబ్దాల క్రితమే తేల్చింది. నగరం ఆ నియమాన్ని రద్దు చేయలేదు, విస్తీర్ణం పెంచిందంతే. హైదరాబాద్ మహానగరం విసర్జించే వేల టన్నుల చెత్త రోజూ జవహర్‌నగర్‌కు చేరుతుంది. అక్కడ కూలీలు, చెత్త ఏరుకునేవారు, నగరం నడిబొడ్డున ఇల్లు కొనలేనివారు బతుకుతున్నారు. ఊట చేరి పక్కనున్న మల్కారం చెరువు నల్లబడింది. బోరుబావుల నీరు చెడింది. పాత గుట్టపై మూత వేశారు, విద్యుత్ కేంద్రం పెట్టారు. అయినా దుర్వాసన మీద, నీటి మీద అక్కడి ప్రజల ఆందోళన ఆగలేదు. విశాఖపట్నం చెత్త మోసిన కాపులుప్పాడ వాసులకూ ఈ బాధ కొత్తది కాదు.

అమెరికాలో దీన్ని గుర్తించి లెక్క కట్టినవాడు నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బుల్లార్డ్. 1979లో హ్యూస్టన్ నగరంలో చెత్త కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం మీద గుర్తించాడు. నగర పాలక సంస్థకు చెందిన ఐదు చెత్త యార్డులూ నల్లజాతి వాడల్లోనే ఉన్నాయని తేలింది. అప్పటికి నగర జనాభాలో నల్లజాతీయులు నాలుగో వంతు మాత్రమే. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీ ప్రజలు విష వ్యర్థాల యార్డుకు వ్యతిరేకంగా రోడ్ల మీద పడుకున్నారు. పర్యావరణ న్యాయం అన్న మాట అక్కడి నుంచి లోకమంతా పాకింది. మన దగ్గర చెత్త యార్డుల పటం, కులాల పటం పక్కపక్కన పెట్టి చూసే పని ఏ ప్రభుత్వమూ చేయలేదు. పర్యావరణ ప్రభావ నివేదికల్లో గాలి, నీరు, నేల, పక్షులు ఉంటాయి. చుట్టూ ఉన్న వాడల సామాజిక కూర్పు మాత్రం, ఉన్నా, ఒక పట్టికగా మిగిలిపోతుంది. స్థలం ఎంపికను అది ప్రభావితం చేయదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ల్యాండ్‌ఫిల్ నివాసాలకు, తాగునీటి బావులకు, చెరువులకు 200 మీటర్ల దూరంలో ఉండాలన్నాయి. అడుగున 90 సెంటీమీటర్ల మందాన గట్టి బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర వేయాలన్నాయి. పునర్వినియోగానికి, కుళ్లడానికి, కాలడానికి పనికిరాని శేషం మాత్రమే అక్కడికి చేరాలన్నాయి. ఈ చివరి నియమం నిజంగా అమలైతే మన దేశంలో బయోరియాక్టర్‌తో పనే ఉండదు, ఎందుకంటే కుళ్లే చెత్త ఆ గోతిలోకి రాకూడదు. అది వస్తోంది కనుకే ఈ ప్రతిపాదన వస్తోంది. ఇంటి దగ్గర తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడమనే చిన్న శ్రమను నగరం ఎగ్గొడుతుంది. ఆ శ్రమ యార్డులో ఒట్టి చేతులతో ఏరుకునే స్త్రీ మీద పడుతుంది. తన ఎంగిలిని తాను తాకనక్కర్లేదు, తాకడానికి వేరే మనుషులున్నారు అనే నమ్మకమే దీనికి మూలం. అంటరానితనం చట్టంలో రద్దయినా ఇంటి చెత్తబుట్ట దగ్గర ఇంకా బతికే ఉంది.

అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు దించుకోవడంలో మరో ప్రమాదం ఉంది. అక్కడి చెత్తలో కాగితం, అట్ట, ప్లాస్టిక్ ఎక్కువ, తడి తక్కువ. ఒక లెక్క వేద్దాం. 25 శాతం తేమ ఉన్న 1000 టన్నుల చెత్తలో 750 టన్నుల పొడి పదార్థం ఉంటుంది. దాన్ని 45 శాతం తేమకు తేవాలంటే మరో 364 టన్నుల ద్రవం, అంటే 3.64 లక్షల లీటర్లు కలపాలి. అక్కడ ఊటను తిరిగి పంపడం అవసరం. మన చెత్తలో అన్నం, కూరగాయల తొక్కలు, అరటాకులే ఎక్కువ. దాని తేమ వచ్చేటప్పటికే 40 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. పైన బరువు పడగానే అది తనంతట తానే నీరు కక్కుతుంది. ఆపైన నాలుగు నెలల వానాకాలం. తేమ పెంచడానికి పుట్టిన పద్ధతిని తేమ ఎక్కువైన చోట పెడుతున్నాం. కనుక మన దగ్గర ఈ వ్యవస్థ ప్రధానంగా ఊటను పారించే, శుద్ధి చేసే వ్యవస్థ కావాలి. తిరిగి పంపడం దాని తర్వాతే.

కుళ్లడానికి ఒక క్రమం ఉంది. ఇడ్లీ పిండి పులిసినట్టు చెత్త కూడా మొదట పులుస్తుంది, ఆమ్లాలు పుడతాయి. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు ఆ పులుపులో బతకలేవు. వాటికి పీహెచ్ 7కు అటూఇటుగా ఉండాలి. కొత్త చెత్త నుంచి వచ్చిన పుల్లని ఊటను తొందరపడి పెద్ద మొత్తంలో తిరిగి పోస్తే గుట్ట అంతా పులిసి కుళ్లడం ఆగిపోతుంది. మొదట కొద్దికొద్దిగా పంపి, అవసరమైతే క్షారం కలిపి, మీథేన్ స్థిరపడ్డాక మోతాదు పెంచాలి. అమ్మోనియా సంగతి వేరు. గాలి చొరని గుట్టలో అది విరిగిపోయే దారి లేదు. ఊట తిరిగిన ప్రతిసారీ దాని గాఢత పెరుగుతుంది. అందుచేత బయట గాలి ఊది అమ్మోనియాను తొలగించే శుద్ధి కేంద్రం తప్పనిసరి. ఖర్చు మిగులుతుందని ఆ కేంద్రాన్ని కత్తిరించి, ‘మేం చుక్క కూడా బయటకు వదలడం లేదు’ అని కాగితం మీద రాయడం చాలా సులభం. అప్పుడు తిరిగి పంపడం శుద్ధి అనిపించుకోదు, విషాన్ని గుట్టలో దాచడమే అవుతుంది. దాచినది ఏదో ఒకరోజు కింది బస్తీ మీదికే వస్తుంది.

ఇది ఊహ కాదు. 1997 సెప్టెంబరు 27న కొలంబియా రాజధాని బొగోటాలో దోన్యా హువానా ల్యాండ్‌ఫిల్ ఒక పక్క జారిపోయింది. సుమారు 8 లక్షల ఘనపు మీటర్ల చెత్త కిందికి కదిలి తున్హువెలో నదికి అడ్డుపడింది. అక్కడ ఊటను తిరిగి గుట్టలోకి పంపేవారు. లోపల పేరుకున్న ద్రవ పీడనమే చెత్తను నిలబెట్టే పట్టును సడలించిందని ఇంజినీర్లు తర్వాత విశ్లేషించారు. ఆ యార్డు బొగోటా దక్షిణ భాగంలో, పేదల వాడల చెంత ఉంది. 2000 జులైలో ఫిలిప్పీన్స్‌లోని పయాటాస్‌లో వానలకు చెత్తకొండ కూలి 200 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆ కొండ మీద చెత్త ఏరుకుని, దాని పక్కనే గుడిసెల్లో బతికినవారు. 2017 సెప్టెంబరులో ఢిల్లీలోని ఘాజీపూర్ గుట్ట జారి ఇద్దరు మరణించారు. ఈ చివరి రెండు చోట్లా తిరిగి పంపే వ్యవస్థ లేదు. వాన నీటికే గుట్టలు కూలాయి. అలాంటప్పుడు కావాలని లోపలికి ద్రవం పంపేవారి బాధ్యత ఎంత పెద్దదో ఆలోచించాలి.

అందుకే రూపకల్పనలో కొన్ని అంశాలను రాజీకి వీల్లేనివిగా చూడాలి. అడుగు పొర మీద నిలిచే ఊట 30 సెంటీమీటర్లు దాటకూడదన్నది అమెరికా ప్రమాణం. గుట్ట లోపలి ద్రవ పీడనాన్ని కొలిచే సాధనాలు అమర్చి, పరిమితి దాటగానే పంపులు తమంతట తామే ఆగేలా చేయాలి. వాలు అంచుల దగ్గర ఊటను పంపకూడదు. వానాకాలంలో తిరిగి పంపడం ఆపి, నిల్వ చెరువులకు, శుద్ధికి మళ్లించాలి. అడుగున పొర లేని పాత డంపింగ్ యార్డుల మీద ఈ పద్ధతిని అసలే ప్రయోగించకూడదు. అక్కడ తిరిగి పోసిన ప్రతి లీటరూ భూగర్భ జలంలోకి దారి వెతుక్కుంటుంది. ఆ కొలతలు ఏ రోజుకారోజు గుట్ట పక్క వాడలోని వార్డు కార్యాలయం గోడమీద తెలుగులో కనిపించాలి. తన ఇంటి వెనకున్న కొండ ఏ స్థితిలో ఉందో తెలుసుకునే హక్కు అక్కడ పడుకునేవారికి అందరికంటే ముందుంది.

ఇక సంపు దగ్గరికి వద్దాం. ఊట చేరే గోతుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటాయి, ప్రాణవాయువు తగ్గుతుంది. మ్యాన్‌హోల్‌లో మనిషిని చంపే కారణాలన్నీ అక్కడా ఉన్నాయి. 2013 నాటి పాకీపని నిషేధ, పునరావాస చట్టం ప్రమాదకర శుభ్రతను నిర్వచించింది. అయితే ఆ నిర్వచనం డ్రైనేజీ గొట్టాలకు, సెప్టిక్ ట్యాంకులకు పరిమితం. ఆ రెండింటినీ మానవ మలంతో ముడిపెట్టి చట్టం వివరించింది. చెత్త ఊట చేరే సంపు ఆ మాటల్లో ఇమడదు. సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న మురుగు కాల్వల మరణాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. ల్యాండ్‌ఫిల్ సంపులో చనిపోయిన కార్మికుడి భార్య ఆ పరిహారం అడిగితే, ఇది డ్రైనేజీ కాదు, మామూలు పారిశ్రామిక ప్రమాదం అని వాదించడానికి కాంట్రాక్టరు న్యాయవాదికి దారి మిగిలే ఉంది. దిగే మనిషి మాత్రం రెండు చోట్లా ఒకే వాడ నుంచి వస్తాడు. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారిని నమస్తే పథకం కింద కేంద్రం నమోదు చేసినప్పుడు, 2024 నాటికి గుర్తించిన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలు, బీసీలను కలిపితే 92 శాతం.

ఇక్కడే రూపకల్పనకు విలువ ఉంది. నిలువు సంపుకు ప్రత్యామ్నాయం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ల్యాండ్‌ఫిల్ పక్కవాలు వెంబడి, పొర మీదుగా ఒక ఏటవాలు గొట్టాన్ని అడుగు దాకా వేస్తారు. చక్రాలున్న పంపును తీగతో దాని లోపలికి జారవిడుస్తారు. చెడిపోతే అదే తీగతో పైకి లాగి ఒడ్డున బాగుచేస్తారు. మనిషి దిగనక్కర్లేదు, దిగే చోటే ఉండదు. అడుగున ఉన్న రంధ్రాల గొట్టాలు సున్నపు పొరతో, సూక్ష్మజీవుల జిగురుతో పూడుకుపోతాయి. వాటి రెండు కొసలనూ నేలపైకి తెచ్చి ఉంచితే బయటి నుంచే అధిక పీడనపు నీటితో కడగవచ్చు, కెమెరా పంపి చూడవచ్చు. పైగా బయోరియాక్టర్‌లో చెత్త ఎక్కువగా కుంగుతుంది. కుంగే చెత్త నిలువు సంపును తనతో పాటు కిందికి ఈడ్చి అడుగు పొరను చీల్చగలదు. అంటే మనిషికి భద్రమైన నమూనాయే భూగర్భ జలానికీ భద్రం. తెలిసి కూడా నిలువు సంపు గీస్తున్నారంటే, అందులోకి దిగడానికి చవకగా మనిషి దొరుకుతాడన్న భరోసాయే కారణం. ఆ భరోసాను ఇచ్చింది కులం.

యంత్రాలొస్తే కులం పోతుందని కొందరు మిత్రులంటారు. నాకు ఆ ఆశ ఉంది, నమ్మకం లేదు. మరుగుదొడ్ల గంప పోయి భూగర్భ డ్రైనేజీ వచ్చినప్పుడూ ఇదే మాట అన్నారు. గంప తలమీది నుంచి దిగింది, మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. పరిజ్ఞానం మారింది, పని మారింది, పనిచేసే కులం మారలేదు. తెలుగు మూలాలున్న సఫాయి కుటుంబంలో కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా దేశమంతా తిరిగి చెబుతున్న సంగతి ఇదే. చెత్త ఊట సంపు మూడో మజిలీ కాకూడదు.

ల్యాండ్‌ఫిల్ అనేదే వద్దు, ఇవన్నీ కాంట్రాక్టుల మాయ అని మన ఉద్యమ మిత్రులు కొందరంటారు. వారి కోపం న్యాయమైనదే. అయితే ఎంత వేరుచేసినా కొంత శేషం మిగులుతుంది. దశాబ్దాలుగా పేరుకున్న గుట్టలు నినాదంతో కరగవు. స్వచ్ఛ భారత్ మిషన్ రెండో దశ 2021లో మొదలై పాత గుట్టల తొలగింపును లక్ష్యంగా పెట్టుకుంది. ఆ తవ్వకాల్లో మిగిలే పనికిరాని శేషం ఎక్కడో ఒకచోట చేరాల్సిందే. ఎక్కడ, ఎలా, ఎవరి శ్రమతో అన్న మూడు ప్రశ్నలు మనం అడగకపోతే వాటి జవాబులు మన బదులు టెండరు పత్రం రాస్తుంది.

కనుక ఆ టెండరు పత్రంలోకే మన డిమాండ్లు వెళ్లాలి. మనిషి దిగవలసిన ఏ నిర్మాణమూ లేని నమూనాకే సాంకేతిక ఆమోదం ఇవ్వాలి. 2013 చట్టంలోని ప్రమాదకర శుభ్రత నిర్వచనంలో ల్యాండ్‌ఫిల్ సంపులను, ఊట గొట్టాలను, శుద్ధి ట్యాంకులను చేర్చాలి. స్థలం ఎంపిక నివేదికలో చుట్టుపక్కల వాడల కుల కూర్పును ప్రకటించి, భారం ఒకే సమాజంపై పదేపదే పడకుండా చూడాలి. గేటు మూసి కంచె వేసిన రోజున ఉపాధి కోల్పోయే చెత్త ఏరుకునేవారికి వేరుచేసే కేంద్రాల్లో జీతం, బీమా ఉన్న ఉద్యోగాలివ్వాలి. పంపుల గదిలో, ప్రయోగశాలలో, కొలతల దగ్గర కూడా వారి పిల్లలు కనిపించాలి. ఊడ్చే పనికి మాత్రమే మా రిజర్వేషన్ నూరు శాతం నిండడం ఇక చాలు.

సివిల్, పర్యావరణ ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. మీ సిలబస్‌లో ‘నిర్వహణ, మరమ్మతు’ అనే అధ్యాయం ఉంటుంది. అందులో మనిషి కనిపించడు, క్రియలన్నీ కర్త లేకుండా సాగుతాయి. సంపు శుభ్రం చేయబడును, గొట్టం తొలగించబడును అని రాసి ఉంటుంది. ఎవరి చేత అని ప్రతిసారీ అడగండి. ఆ చర్చ ముగిశాక నేను ఆ నమూనా ప్రతిని తీసుకొని, నిలువు సంపును కొట్టివేసి, దాని పక్కన ఏటవాలు గొట్టం గీసి, కారణం రాసి పంపాను. ఇప్పటిదాకా జవాబు రాలేదు. మళ్లీ పంపుతాను.